మొత్తుకున్న తొడ

కృపాజ్యోతి తొడలో దమ్ము లేదట.

ఈ మాట అన్నది పనీపాటా లేని పోరగాళ్లు కాదు. ఆరో తరగతిలో ఆమె చేతికి కత్తి ఇచ్చి ఆట నేర్పిన జైపాల్ సారే అన్నాడు. అదీ పక్కకు పిలిచి కాదు, మొయినాబాద్‌లో ఫెన్సింగ్ అకాడమీ నడిచే ఫంక్షన్ హాలు నడిమధ్య, ఆడపిల్లలందరూ నిలబడి వింటుండగా అన్నాడు. పుణెలో జరిగే జూనియర్ల జాతీయ పోటీలకు అకాడమీ నుంచి నలుగురు పోవాలి. మొదటి ముగ్గురి గురించి ఎవరికీ అనుమానం లేదు. నాలుగో చోటు కృపదేనని ఆ హాలు ఊడ్చే మనిషికి కూడా తెలుసు. అలాంటిది సార్ గొంతు సవరించుకొని, "నాలుగోది అఖిల," అన్నాడు.

కృప నవ్వింది. సార్ అప్పుడప్పుడు పరాచికమాడతాడు, ఇదీ అలాంటిదే అనుకుంది. కానీ సార్ నవ్వలేదు. అఖిల తల వంచుకొని చేతి గ్లవ్ వేళ్లు లాక్కుంటూ నిలబడింది. అప్పుడు కృపకు ఒళ్లు భగ్గుమంది.

"ఎట్ల సార్? అఖిల మీద నేను ఎన్నిసార్లు గెలిచిన్నో మీరే చూసిండ్రు కద."

"గెలుపులు కాదు కృపా, ఇప్పుడు సైన్సు," అన్నాడు సార్. చేతిలో ఉన్న కాగితాన్ని ఆమె ముందు పెట్టాడు. "చూడు. ఒంటికాలి గుంజీల నీ తొడ వందకు యాభై ఒకటే పని చేసింది. అఖిలది ఎనభై నాలుగు. నీ తొడ సగం నిద్రపోతున్నది. నేను చెప్తలేను, నెంబర్లు చెప్తున్నయి. నెంబర్లు అబద్ధమాడయి."

అసలు ఆ నెంబర్ల సంగతి చెప్పాలి. లేకపోతే ఈ అన్యాయం ఎంత లావుదో తెలియదు.

ఫెన్సింగ్‌లో చూసేవాళ్లు కత్తిని చూసి మురిసిపోతారు గాని ఆటంతా తొడల్లోనే ఉంటుంది. సగం కూర్చున్నట్టు మోకాళ్లు వంచి, ఆ వంపులోనే ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉండాలి. సందు దొరగ్గానే ముందుకాలు విసిరి దూసుకుపోవాలి, తగిలినా తగలకపోయినా అంతే వేగంగా వెనక్కి రావాలి. తొడ అలిసిందా, చేతిలో ఎంత మంచి కత్తి ఉన్నా పుల్లతో సమానం. అందుకని ఏ వ్యాయామం చేస్తే ఫెన్సర్ల తొడకు ఎక్కువ పని పడుతుందో తేల్చాలని సమత మేడమ్ ఒకామె బయలుదేరింది. ఆమె అక్కడికి దగ్గర్లోని ఫిజియోథెరపీ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తోంది. నెల కింద ఒక మిషన్ డబ్బా, కంప్యూటర్ పట్టుకొని అకాడమీకి వచ్చింది. పిల్లల తొడల మీద స్పిరిట్‌తో తుడిచి, కండ ఎంత పని చేస్తుందో పట్టే రూపాయి బిళ్లంత సెన్సర్లు అంటించింది. తర్వాత ఒక్కొక్కరితో గుంజీలు తీయించింది, గోడకుర్చీ వేయించింది, మెట్టు ఎక్కించి దింపింది, వెనకకాలు బెంచీ మీద పెట్టి ఒంటికాలి మీద గుంజీలు తీయించింది.

"బడిల టీచర్లు కొట్టకుండ వేసే శిక్షలన్ని మీరు ఏరుకొచ్చిండ్రు మేడమ్," అని కృప అంటే అందరూ నవ్వారు. సమత మేడమ్ కూడా నవ్వింది.

"ఫికర్ చెయ్యకండి," అంది. "ఇది మీకు పరీక్ష కాదు, ఎక్సర్‌సైజ్‌లకు పరీక్ష. వాటిలో ఏది పాసో ఏది ఫెయిలో చూస్తున్న. మీరు ఊరికే చేసి పెట్టండి, చాలు."

పిల్లలు నమ్మారు. నమ్మి, తొడలు అప్పజెప్పి, చెప్పినన్ని గుంజీలు తీశారు.

మరి జట్టు ఎంపికకు ఈ నెంబర్లు ఎక్కడి నుంచి వచ్చాయంటే, పెళ్లిళ్ల నుంచి వచ్చాయి. మామూలుగా ప్రతి ఏడూ పిల్లలందరినీ ఒకరితో ఒకరిని ఆడించి, ఎక్కువ గెలిచినవాళ్లను సార్ తీసుకుంటాడు. ఈసారి మాఘమాసం ముహూర్తాలు వరసబెట్టి పడ్డాయి. హాలు ఓనరు వారం వారం పెళ్లిళ్లకు ఇచ్చుకున్నాడు. అకాడమీ పిల్లలు నేల మీద పరిచి ఆడే ఆట పట్టీలు చుట్టి మూలన పెట్టి, వంటవాళ్ల గిన్నెల పక్కన సాగతీత వ్యాయామాలు చేసి ఇంటికి పోయారు. ఎంపిక ఆటలకు జాగా లేదు, పేర్లు పంపే గడువు మీద పడుతోంది. పైగా నిరుడు ఒక పిల్ల తండ్రి వచ్చి మా బిడ్డను కావాలని తీసేశారని సార్ అంగీ పట్టుకున్నంత పని చేశాడు. అప్పటి నుంచి ఎవరూ వేలెత్తి చూపలేని సాకు ఒకటి దొరికితే బాగుండునని సార్ వెతుకుతున్నాడు. సమత మేడమ్ కాగితం కనబడేసరికి దేవుడు పంపినట్టే అనిపించింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నవాడికి మన సార్ ఏమీ తీసిపోడు.

ఆ రోజు కృప, అఖిల కలిసి బస్సెక్కలేదు. రోజూ చేవెళ్ల దాకా ఒకే బస్సు, ఒకే సీటు. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు తీసుకొని, పొడుగు సంచులు కాళ్ల సందున నిలబెట్టుకొని, ఒకే పొట్లంలోని పల్లీలు తింటూ పోయేవాళ్లు. చేవెళ్లలో దిగి అఖిల ముడిమ్యాలకు, కృప ఆలూరుకు పోయేవాళ్లు. ఇవాళ అఖిల కుంటుకుంటూ బస్సు దగ్గరకు వచ్చి, "రావే, సీటున్నది," అంది. సంచి బరువుకు అడుగు తడబడిందేమో అనుకొని కృప పట్టించుకోలేదు.

"నువ్వు పో. జాతీయ స్థాయి మనిషి పక్కన నేను కూసుంటే నీ తొడకు నిద్ర సోకుతది," అంది.

అఖిల ముఖం చిన్నబోయింది. కృప చూసి కూడా చూడనట్టు తర్వాతి బస్సు కోసం నిలబడింది. కోపం వచ్చినప్పుడు కృప నోటికి తాళం ఉండదు. సార్ మీద అనలేని మాట అఖిల మీద పడింది. దుత్త మీద పడ్డ కోపాలన్నీ ఇలాంటివే.

ఆలూరులో ఇంటి ముందు పెంటమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ కూర్చుంది. కృప తల్లి. కూతురు సంచిని గోడకేసి విసిరిన తీరు చూసే ఏదో జరిగిందని ఆమెకు తెలిసిపోయింది. కృప చెప్పింది, చెప్తుంటే ఏడుపు వచ్చింది, ఏడుపు వచ్చినందుకు మళ్లీ కోపం వచ్చింది.

"వచ్చే ఏడు నాకు జూనియర్ వయసు దాటిపోతది అవ్వా. ఇగ మళ్ల రమ్మన్నా రాదు. ఇన్నేండ్లు ఆడింది దీనికోసమేనాయె."

"తొడల దమ్ము లేదన్నడా గా సారు?" అంది పెంటమ్మ. "దమ్ము లేకుంటే నువ్వు గీ మూట భుజానేసుకొని రోజు బస్సు కోసం ఎట్ల ఉరుకుతున్నవు? వాని తొడల ఉన్నదా దమ్ము?"

లోపల నుంచి తండ్రి స్వామిదాసు వచ్చాడు. చందనవెల్లి కంపెనీలో షిఫ్టు దిగి ఇప్పుడే స్నానం చేశాడు. మెత్తటి మనిషి. "ఊకో బిడ్డా. దేవుడు అన్నీ చూస్తుండు. ప్రార్థన చేసుకో, అన్యాయం నిలువదు," అన్నాడు.

"దేవుడు చూస్తుండు బాపూ, నిజమే. కని పుణెకు పేర్లు పంపేది దేవుడు కాదు, జైపాల్ సార్," అంది కృప.

పెంటమ్మ నవ్వాపుకోలేకపోయింది. "అయితే పోయి అడుగు," అంది పెంటమ్మ. "అడగంది అమ్మయినా అన్నం పెట్టదంటరు. గా మిషన్ తెచ్చినామెనే అడుగు. నెంబర్లు ఇచ్చింది ఆమెనే కద."

మర్నాడు కృప అకాడమీకి పోలేదు, నేరుగా సమత మేడమ్ కాలేజీకి పోయింది. ల్యాబ్‌లో మేడమ్ ఒక్కతే కంప్యూటర్ ముందు టిఫిన్ డబ్బా తెరుచుకొని ఉంది. కృపను చూసి సంతోషంగా కుర్చీ జరిపింది. కృప కూర్చోలేదు.

"నా తొడ నిద్రపోతున్నదా మేడమ్?"

"ఎవరన్నరు?"

"మీరే. మీ కాగితమే. నన్ను టీంల నుంచి తీసేసిండ్రు. నాది యాభై ఒకటంట, అఖిలది ఎనభై నాలుగంట. ఇది మీకు పరీక్ష కాదన్నరు. ఎక్సర్‌సైజ్‌లకని చెప్పి మా తొడల మీద మిషన్ పెట్టిండ్రు."

సమత మేడమ్ చేతిలోని చెంచా డబ్బాలో పడింది. ఆమె ముఖం ఎర్రబడింది. "సార్ అడిగితే ఇచ్చిన. పరీక్షకు పిల్లలను పంపినందుకు ఊరికే చూసుకుంటడేమో అనుకున్న. దాంతోని సెలక్షన్ చేసిండా? దేవుడా."

తర్వాత ఆమె చెప్పిన మాటలు కృప శ్రద్ధగా విన్నది, ఎందుకంటే రేపు తనే ఇంకొకరికి చెప్పాలి. సెన్సర్లు అంటించిన వెంటనే, వ్యాయామాలకు ముందు, ప్రతి పిల్లనూ కుర్చీలో కూర్చోబెట్టి కాలికి పట్టీ కట్టి, దాన్ని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ముందుకు నెట్టమంది మేడమ్. ఆ నెట్టుడులో తొడ ఎంత పలికిందో దాన్ని ఆ పిల్లకు వంద అనుకుంది. తర్వాత గుంజీ తీసేటప్పుడు ఆ వందలో ఎంత వాడిందో చూసింది. అంటే ఎవరి వంద వాళ్లది. ఒకరి వంద పెద్దది, ఇంకొకరిది చిన్నది. అందుకే ఒకే పిల్ల గుంజీని ఆమె గోడకుర్చీతో పోల్చవచ్చు గాని, ఒక పిల్ల నెంబరును ఇంకో పిల్ల నెంబరు పక్కన పెట్టి తూచకూడదు.

కృప దాన్ని తన లెక్కలోకి మార్చుకుంది. "మేడమ్, చేవెళ్ల మార్కెట్ల ఒక్క తీరు టమాట డబ్బా ఇద్దరు ఎత్తిండ్రనుకోండ్రి. ఒకడు ఎత్తి పక్కకు పెట్టి బీడీ ముట్టిచ్చిండు. ఇంకొకడు ఎత్తి రొప్పుతున్నడు. మా సార్ రొప్పేటోనికి మెడల్ ఇచ్చిండన్నట్టు."

"అంతే. అచ్చం అంతే," అంది సమత మేడమ్.

"అయితే వచ్చి సార్‌కు చెప్పుండ్రి."

అక్కడ మేడమ్ వెనక్కి తగ్గింది. ఇంకో విడత పరీక్షలు మిగిలి ఉన్నాయట. సార్‌కు కోపం వస్తే పిల్లలను పంపడట. పేర్లతో సహా నెంబర్లు బయటకు ఇవ్వడమే తప్పట, అది గైడ్‌కు తెలిస్తే పీహెచ్‌డీ ఆగిపోతుందట. నేను సార్‌కు ఫోన్ చేసి నెమ్మదిగా చెప్తానులే అని నసిగింది. చదువుకున్నవాళ్ల భయాలకు అంతు ఉండదు.

"మీ చదువు ఆగుతదని నా ఆట ఆపుతరా?" అంది కృప. గొంతు పెంచలేదు. "మీ పీహెచ్‌డీ వచ్చే ఏడన్న అయితది. నాకు వచ్చే ఏడు లేదు. మీరు స్పిరిట్ పెట్టి తుడిచిన తొడ నాది మేడమ్. నా కాలు మీద మీరు రాసుకున్న లెక్క నన్నే ముంచింది."

సమత మేడమ్ టిఫిన్ డబ్బా మూత పెట్టింది. "రేపు పొద్దున వస్త. మిషన్ కూడ తెస్త," అంది.

మర్నాడు పొద్దున హాలు పెళ్లి వాసనతో ఉంది. రాత్రి ఎవరి పెళ్లో అయింది. టెంటుహౌస్ వాళ్లు కుర్చీలు ఎత్తుతున్నారు, నేల మీద బంతిపూలు తొక్కుడుపడి ఉన్నాయి, బగార అన్నం మసాలా ఇంకా గాల్లోనే ఉంది. పిల్లలు పూలు ఊడ్చి ఆట పట్టీలు పరుస్తున్నారు. జైపాల్ సార్ నిక్కరు, టీషర్టు వేసుకొని, విజిల్ మెడలో వేసుకొని తిరుగుతున్నాడు. సమత మేడమ్‌ను చూసి ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. ఆమె కూర్చొని, నిన్న కృపకు చెప్పిందంతా ఓపికగా చెప్పింది. నెంబర్లు ఇవ్వడం తన తప్పేనని కూడా చెప్పింది.

సార్ చిరునవ్వుతో విన్నాడు. విన్నాక, "మేడమ్, మీరు రీసెర్చ్ మనుషులు, ఊరికే డౌట్లు పడుతరు," అన్నాడు. "నేను ఇరవై ఏండ్ల సంది పిల్లల తొడలు చూస్తున్న. తొడ ఎంత పని చేస్తే అంత మంచిది. గింత సింపుల్ ముచ్చటకు లెక్కలెందుకు?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటే ఇదే. మెషిన్ తెచ్చిన మనిషే కాదంటుంటే, మెషిన్ వైర్ ఎక్కడ పెట్టాలో తెలియని మనిషి అవునంటున్నాడు. ఇక్కడ కృప అరిచిందా, క్రమశిక్షణ లేదని ఇంకో సాకు సార్ చేతికి ఇచ్చినట్టే. అందుకని నోట్లోకి వచ్చిన మాటలన్నీ మింగి, ఒక్క మాట మాత్రం బయటకు వదిలింది.

"సార్, అయితే మీరు ఒకసారి గా సెన్సర్లు పెట్టించుకోండ్రి. దమ్మున్న తొడ ఎట్లుంటదో మేం చూస్తం."

సార్ పొట్టను లోపలికి లాక్కున్నాడు. వయసులో ఉన్నప్పుడు రాష్ట్రం తరఫున ఆడిన మనిషి, ఆ కాలపు కప్పులు ఇంకా ఆఫీసు గదిలో తుడిపించుకుంటాడు. ఈ మధ్య ఆడేది లేదు, ఆడించేది మాత్రమే. "పెట్టుండ్రి మేడమ్," అన్నాడు తొడ చరిచి. "వీళ్లకు జర చూపిద్దాం."

సమత మేడమ్ కృప వైపు ఒకసారి చూసింది. సార్ తొడను స్పిరిట్‌తో తుడిచి సెన్సర్లు అంటించింది. కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ కట్టింది. "పూర్తి బలంతోని నెట్టండి సార్." సార్ నెట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. తర్వాత వెనకకాలు బెంచీ మీద పెట్టి ఒంటికాలి గుంజీ మొదలుపెట్టాడు. మొదటిది బాగానే తీశాడు. రెండోదానికి మోకాలు వణికింది. మూడోది తీసి లేచేసరికి ముక్కు మీద చెమట పట్టింది. కూలిపోకుండా టెంటుహౌస్ కుర్రాడు తెచ్చిన కుర్చీ వీపు పట్టుకున్నాడు.

కంప్యూటర్ తెర మీద తొంభై ఆరు అని వచ్చింది.

"చూసిండ్రా?" అన్నాడు సార్ రొప్పుతూనే. ముఖం వెలిగిపోయింది. "తొంభై ఆరు. తొడ అంటే గిట్లుండాలె."

"చూసినం సార్," అంది కృప. "ఇగ అఖిల పేరు కొట్టేసి మీ పేరు రాయుండ్రి. అఖిల కంటే మీకే ఎక్కువొచ్చింది. పుణెకు మీరే పోవాలె."

ఎవరో పిల్ల ఫక్కున నవ్వింది. తర్వాత హాలంతా నవ్వింది, కుర్చీలు ఎత్తేవాళ్లు కూడా ఏం జరిగిందో తెలియకుండానే నవ్వారు. సార్ ముఖంలో వెలుగు దిగిపోయింది. తెర వైపు చూశాడు, తన తొడ వైపు చూశాడు, సమత మేడమ్ వైపు చూశాడు.

"మీ వంద చిన్నది సార్," అంది సమత మేడమ్ మెల్లగా. "ఆట మానేసి చాలా రోజులైంది కద. అందుకే ఒక్క గుంజీకే ఉన్నదంతా ఖర్చయింది. కృపది అట్ల కాదు. ఆమె సగం వాడి, ఇంకో సగం దగ్గర పెట్టుకున్నది."

"మిషన్ ఖరాబైనట్టున్నది," అన్నాడు సార్.

"ఖరాబైతే అప్పుడు కూడ ఖరాబే సార్," అంది కృప. ఇక మింగడం ఆమె వల్ల కాలేదు. "మంచిగుంటే మీరు పుణెకు పోవాలె, ఖరాబైతే నన్ను తీసేసుడు తప్పు. రెండిట్ల ఏదో ఒకటి చెప్పుండ్రి. నన్ను కత్తితోని ఓడగొట్టి తీసేస్తే తల వంచుకొని పోదును. ఒక్క ఆట పెట్టలే మీరు. పెండ్లోళ్లు హాలు తీసుకున్నరని నా ఏడేండ్ల ఆటను ఒక్క కాగితానికి కట్టేసిండ్రు. అందరి ముందట నా తొడల దమ్ము లేదన్నరు. నేనేమన్న మీకు పరాయి పిల్లనా సార్?"

సార్ కుర్చీలో కూర్చున్నాడు. "ఆట పట్టీ పరువుండ్రి," అన్నాడు. "కృపా, అఖిలా, తయారుగాండ్రి. ఇప్పుడే ఆడుండ్రి. గెలిచినోళ్లు పోతరు."

కృప సంచి జిప్ లాగింది. మొన్నటి నుంచి ఆమె కోరుకున్నది ఇదే. అఖిలను ఎట్లా కొట్టాలో బస్సులో, మంచం మీద, అన్నం ముందు కూర్చొని కూడా ఆలోచించింది. మాస్క్ చేతిలోకి తీసుకుంది. అఖిల మాత్రం గోడ పక్కన బెంచీ మీద నుంచి లేవలేదు.

"మేడమ్," అంది అఖిల. "సార్‌ది చిన్న వంద అన్నరు. మరి నాదెందుకు ఎనభై నాలుగొచ్చింది?"

సమత మేడమ్ లేచి వెళ్లి అఖిల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఆ రోజు కాలికి కట్టిన పట్టీని పూర్తిగా నెట్టినవా అఖిలా?"

"నెట్టలేకపోయిన. మోకాలు సలిపింది. నెట్టినట్టు చేసిన."

"అందుకే నీ వంద చిన్నదైంది. ఎన్ని రోజుల నుంచి సలుపుతున్నది?"

"దసరా నుంచి."

మేడమ్ అఖిల ట్రాక్ ప్యాంటును తొడ దాకా పైకి మడిచింది. చూడ్డానికి డాక్టరు అక్కర్లేదు. ముందుకాలు తొడ రెండో తొడకంటే సన్నబడింది. మోకాలు చుట్టూ వాపు ఉంది, నొప్పి మలాం వాసన వస్తోంది. ఇన్నాళ్లూ పక్కసీట్లో కూర్చొని పల్లీలు తిన్న కృపకు కూడా ఇది తెలియలేదు. మొన్న బస్సు దగ్గర కుంటింది సంచి బరువుకు కాదు.

"ఎందుకు చెప్పలే బిడ్డా?" అన్నాడు సార్.

"చెప్తే తీసేస్తరని సార్," అంది అఖిల. "ఆట ఇడిచిపెడుదామనే అనుకున్న మొదట. కని మీరు నెంబర్ చూసి, అందరికంటే నీ తొడనే గట్టిగున్నదన్నరు. నొప్పున్నా లోపల బలం పెరుగుతున్నదేమో అనుకున్న. ఇంకా పెంచాలె, ఒంటికాలి గుంజీలు రెండింతలు తియ్యమన్నరు కద. తీస్తున్న. రోజు తీస్తున్న సార్. నెంబర్లు అబద్ధమాడయని మీరే చెప్పిండ్రు."

ఆ తొడ మొత్తుకుంది, నా వల్ల కాదు ఆపండి అని మొత్తుకుంది. ఎంత గట్టిగా మొత్తుకుంటే అంత బలముందని మెచ్చుకొని, ఆ మెచ్చుకోలుతోనే ఆ పిల్ల మోకాలిని ఇంకా నలగ్గొట్టారు. కృపకు జరిగింది అన్యాయమే, అందులో అనుమానం లేదు. కానీ ఒక చోటు పోయిన పిల్ల ఇంకో చోటు చూసుకుంటుంది. మోకాలు పోయిన పిల్ల ఏం చూసుకోవాలి? ఆట ఆడించేవాడికి పిల్ల ముఖం చూస్తే నొప్పి కనబడాలా, కాగితం చూస్తే కనబడాలా?

కృప మాస్క్ సంచిలో పడేసింది. కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది, కానీ అది తిరిగిన దిక్కు మారింది. అఖిల దగ్గరకు వెళ్లి ఆమె చేతిని తన మెడ చుట్టూ వేసుకుంది.

"ఆట లేదు, గీట లేదు. సార్, కారు తీయుండ్రి. దవాఖానకు పోదాం."

"కృపా, నాలుగో పేరు నీదే రాస్త. ఈ సాయంత్రమే పంపిస్త," అన్నాడు సార్.

"రాయుండ్రి. అది నాదే. ముందు కారు తీయుండ్రి."

తొడకు సెన్సర్లు అంటుకొని ఉండగానే సార్ తాళంచెవుల కోసం ఆఫీసు గదిలోకి నడిచాడు. సమత మేడమ్ అఖిల సంచి ఎత్తుకుంది.

కారు వెనక సీట్లో అఖిల కాలు చాపి కృప ఒళ్లో పెట్టింది. కారు మొయినాబాద్ చౌరస్తా దాటింది. అఖిల అద్దంలోంచి బయటకు చూస్తూ అంది. "అయితే నా జాగల నువ్వు పోతవన్నట్టు."

"నీ జాగ ఏందే?" అంది కృప. "అది ఎన్నడైనా నా జాగనే. నీ జాగ నీకు వేరే ఉన్నది. కాలు బాగైనంక వచ్చి, కత్తి పట్టి, నన్ను ఓడగొట్టి తీసుకో. అప్పటిదాక ఒక్క గుంజీ తీసినా ఊకోను, చెప్తున్న."

కోపంగానే అంది. అంటూ అఖిల మోకాలి మీద చెయ్యి వేసి, వాపు తగలకుండా పట్టుకుంది. అప్పటికే ఇద్దరూ ఏడుస్తున్నారు.